పరదేశపు కోడలు - మన దేశపు పౌరసత్వం

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పెళ్ళయిన ఆడపిల్లకు ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, ఊరు మారుతుంది. రేషను కార్డులో పేరు ఒకచోట కొట్టేసి మరొకచోట ఎక్కిస్తారు. ఇవన్నీ మనకు అలవాటైన మార్పులే. కాని దేశం మాత్రం తాళి కట్టినంత మాత్రాన మారదు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ ఇదివరకు రాలేదు. కోడల్ని పక్క ఊరి నుంచో, మేనరికంలోనో తెచ్చుకునే ఇళ్ళల్లో పౌరసత్వం అనే మాట ఎవరి నోట వస్తుంది?

ఇప్పుడు రోజులు వేరు. మాది దేవనకొండ. వాన చినుకు కోసం ఆకాశం వంక చూసే మెట్ట ప్రాంతం. వేరుశనగ, పత్తి, ఉల్లి, టమాటా మా పంటలు. బండి మీద పత్తి వేసుకుని ఆదోని మార్కెట్టుకు పోయిన తండ్రుల కొడుకులు ఇవాళ కువైట్‌లో, ఖతార్‌లో, సింగపూర్‌లో, అమెరికాలో వున్నారు. ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడులో పెరిగిన ఆడపిల్లలు కూడా విమానాలెక్కి పోతున్నారు. ఏళ్ళ తరబడి అక్కడే పని, అక్కడే స్నేహాలు. తోటి ఉద్యోగుల్లో ఒకరిని ఇష్టపడి పెళ్ళి చేసుకోవటం ఇప్పుడు వింత కాదు. వింత కానిదల్లా పెళ్ళి. ఆ తరవాత వచ్చే కాగితాల సంగతి మాత్రం ఇంకా వింతగానే వుంది.

మా ఎరికలో ఒక ఇల్లు వుంది. పెద్ద కొడుకు కువైట్‌లో ఒక ఆస్పత్రి ప్రయోగశాలలో పని చేస్తాడు. అక్కడే నర్సుగా వున్న ఫిలిప్పీన్సు అమ్మాయిని మూడేళ్ళ కిందట పెళ్ళాడాడు. ఆ పెళ్ళి అమ్మాయి దేశంలోనే రిజిస్టరయింది. తరవాత ఒకసారి ఇద్దరూ ఇక్కడికి వచ్చి పోయారు. ఆ పిల్ల ఉగ్గాని బజ్జీ ఇష్టంగా తిన్నదని, అత్తగారు ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది. ఆ అత్తగారే ఒకనాడు నన్ను అడిగింది:

"ఏం మ్మా, రేడియోలో మాట్లాడ్తావు గదా, నాకొక మాట చెప్పు. మా పిల్లోడు ఆడుండంగనే కోడలికి మన దేశం కాగితం చేయించుకోవచ్చునా? లేకుంటే ఈడికొచ్చి ఆఫీసుల సుట్టూ తిరగల్లనా?"

చిన్న ప్రశ్నే. కాని దానికి జవాబు చెప్పాలంటే కొంత వెనక్కి పోవాలి.

ఆడదాని దేశం మొగుడి దేశమే అనే అభిప్రాయం ఒకప్పుడు లోకమంతా వుండేది. అమెరికా వంటి దేశంలో కూడా వుండేది. 1922లో వాళ్ళు కేబుల్ చట్టం అని ఒకటి చేశారు. దాని ప్రకారం అమెరికా స్త్రీ పరదేశీయుణ్ణి పెళ్ళాడినా తన పౌరసత్వం నిలుపుకోవచ్చు. బాగానే వుంది కదా అనిపిస్తుంది. కాని అందులో ఒక మెలిక. ఆ మొగుడు అమెరికా పౌరసత్వానికి అర్హత లేని జాతివాడైతే మాత్రం ఆమె పౌరసత్వం పోతుంది. ఆ మరుసటేడు, 1923లో, భగత్ సింగ్ థింద్ అనే ఆయన కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారి కింద రారు, కనుక పౌరసత్వానికి అర్హులు కారు అని తీర్పు చెప్పింది. ఈ రెండూ కలిసి ఒక ఇల్లాలి నెత్తిన పడ్డాయి. బెంగాలీ స్వాతంత్ర్య యోధుడు తారక్‌నాథ్ దాస్‌ను పెళ్ళాడిన మేరీ అనే ఆవిడ అమెరికాలో పుట్టిన మనిషి. భర్త భారతీయుడైన పాపానికి తన పుట్టిన దేశానికే ఆమె పరాయిదైంది. 1926లో ఆవిడ తన గోడు ఒక పత్రికలో రాసుకుంది. 1931లో గాని ఆ మెలిక చట్టంలో నుంచి పోలేదు. మనవాళ్ళకు అక్కడ పౌరసత్వానికి అర్హత దొరికింది 1946లో.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళింది కూడా ఆ రోజుల్లోనే. రోగాలకు మందులు కనిపెట్టి లోకానికి మేలు చేసిన ఆ మహానుభావుడు 1948లో కన్నుమూసే వరకు అమెరికా పౌరుడు కాలేదు. భార్య ఇక్కడే వుండిపోయింది. సముద్రం ఈ వైపు ఒకరు, ఆ వైపు ఒకరు. దేశాల చట్టాలు సంసారాల్లోకి ఎంత దూరం చొరబడతాయో చూడండి.

ఇక మన చట్టం సంగతి. మన పౌరసత్వ చట్టం 1955లో వచ్చింది. భారతీయుడి భార్య అయిన పరదేశపు స్త్రీ దరఖాస్తు పెట్టుకుని పౌరురాలుగా నమోదు కావచ్చునని అందులో రాశారు. ఇన్నేళ్ళు ఇక్కడ వుండాలన్న లెక్క ఆ క్లాజులో లేదు. అదే భారతీయ స్త్రీని పెళ్ళాడిన పరదేశపు మగవాడికి ఆ దారి లేదు. ఆడది మొగుడి వెంట వస్తుంది గాని మొగుడు పెళ్ళాం వెంట రాడనే కదా దాని భావం! 1986లో సవరణ చేసి 'స్త్రీలు' అన్నచోట 'వ్యక్తులు' అని మార్చారు. అల్లుడికీ కోడలికీ సమానంగా వర్తించేటట్టు చేశారు. దానితోపాటే అయిదేళ్ళు ఇక్కడ నివాసం వుండాలన్న షరతు కూడా పెట్టారు. 2003లో మళ్ళీ సవరించి అయిదేళ్ళను ఏడేళ్ళు చేశారు. 2004 డిసెంబరు 3 నుంచి అది అమల్లో వుంది.

ఈ క్లాజు కింద పౌరసత్వం పొందినవాళ్ళలో దేశమంతా ఎరిగిన మనిషి సోనియా గాంధీ. పెళ్ళయింది 1968లో, పౌరసత్వం వచ్చింది 1983లో. మన ఆదోనికి పక్కనున్న బళ్ళారి నుంచే 1999లో ఆమె లోక్‌సభకు పోటీ చేసి గెలిచారు. ఆ పౌరసత్వం చెల్లుతుందా లేదా అని కోర్టులకు కూడా వెళ్ళారు. రాజకీయాల మాట మనకొద్దు. పెళ్ళి వేరు, పౌరసత్వం వేరు, రెంటికీ మధ్య ఒక దరఖాస్తు, ఒక ప్రమాణం, ఒక సర్టిఫికెట్టు వుంటాయని తెలుసుకోవటానికి మాత్రం ఈ ఉదాహరణ పనికొస్తుంది.

ఇప్పుడు మా పొరుగామె ప్రశ్నకు వద్దాం. కొడుకూ కోడలూ కువైట్‌లో వుండగానే కోడలికి భారత పౌరసత్వం వస్తుందా? రాదు. ఏడేళ్ళు అంటే పెళ్ళయి ఏడేళ్ళు కాదు, ఇక్కడ నివసించి ఏడేళ్ళు. ఆ లెక్క చట్టం ఇట్లా చెప్పింది. దరఖాస్తు పెట్టే ముందు పన్నెండు నెలలు ఏకంగా ఇక్కడ వుండాలి. దానికి ముందు ఎనిమిదేళ్ళలో కనీసం ఆరేళ్ళు వుండాలి. అంటే తొమ్మిదేళ్ళ కాలంలో ఏడేళ్ళు మన నేల మీద గడవాలి. ఆ ఆఖరి పన్నెండు నెలల్లో పుట్టింటికి పోయి వస్తే లెక్క తెగిపోతుంది. తల్లికి జబ్బు చేయటం వంటి ప్రత్యేక కారణాలుంటే, అన్ని ప్రయాణాలూ కలిపి ముప్పై రోజుల వరకు సడలించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి వుంది. అంతకు మించి లేదు.

కొన్ని దేశాలు ఈ విషయంలో వేరుగా ఆలోచించాయి. అమెరికా పౌరుణ్ణి పెళ్ళాడి అక్కడ శాశ్వత నివాసం పొందిన వాళ్ళకు మామూలుగా పట్టే అయిదేళ్ళు మూడేళ్ళకు తగ్గుతాయి. ఆ పౌరుడు తమ ప్రభుత్వం తరఫునో, తమ దేశపు కంపెనీ తరఫునో విదేశంలో ఉద్యోగం చేస్తుంటే, భార్యకు ఆ నివాసపు లెక్క లేకుండానే పౌరసత్వం ఇచ్చే ఏర్పాటు కూడా వాళ్ళ చట్టంలో వుంది. మనకు అటువంటిది లేదు.

అయితే పరదేశంలో వుంటూనే సగం దూరం నడిచే దారి ఒకటి మన చట్టంలో వుంది. అదే ఓ.సి.ఐ. కార్డు దారి. ఈ కార్డులు మొట్టమొదట చేతికిచ్చింది మన హైదరాబాదులోనే, 2006 జనవరిలో జరిగిన ప్రవాస భారతీయుల సభలో. 2015 సవరణ తరవాత, భారత పౌరుణ్ణి పెళ్ళాడిన పరదేశీయులు కూడా ఈ కార్డు అడగవచ్చు. పెళ్ళి రిజిస్టరయి వుండాలి, దరఖాస్తు నాటికి రెండేళ్ళు ఏకంగా సాగి వుండాలి. ప్రభుత్వం విచారణ చేసి అభ్యంతరం లేదనుకుంటేనే ఇస్తుంది. ఆ మనిషి గాని, తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతలు గాని పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులై వుంటే ఈ కార్డు ఇవ్వరు. దరఖాస్తు అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారానే పెట్టుకోవచ్చు. ఇందుకోసం ఇక్కడికి రానక్కరలేదు.

ఆ కార్డు చేతికొచ్చి అయిదేళ్ళు గడిచి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివాసముంటే, పౌరసత్వానికి అర్హత వస్తుంది. ఇది చట్టంలో వేరే క్లాజు. చూశారా తేడా! ఒక దారిలో ఏడేళ్ళూ ఇక్కడే వుండాలి. రెండో దారిలో ఎక్కువ కాలం కువైట్‌లో గడిచినా ఫరవాలేదు, ఆఖరి ఏడాది ఇక్కడ నిండితే చాలు. కార్డు వచ్చిన నాలుగేళ్ళకు కాపురం ఇక్కడికి మార్చుకుని ఏడాది నిండా వున్నారనుకోండి, అయిదేళ్ళూ పన్నెండు నెలలూ ఒకేసారి పూర్తవుతాయి. మా పొరుగామె కోడలికి పెళ్ళయి మూడేళ్ళయింది. అంటే కార్డు అడిగే అర్హత ఏడాది కిందటే వచ్చింది. ఈ లెక్క కార్డు చేతికొచ్చిన నాటి నుంచే మొదలవుతుంది గనుక తొందరపడటం మంచిదని చెప్పాను.

"కార్డుంటే సగం మనిషి మన దేశం మనిషైనట్టే గదమ్మా?" అని ఆమె అడిగింది. అట్లా అనుకోకూడదు. ఓ.సి.ఐ. కార్డు జీవితాంతం పనికొచ్చే వీసా వంటిది. ఎన్నిసార్లైనా రావచ్చు, ఎంతకాలమైనా వుండవచ్చు. కాని ఓటు లేదు. ఎన్నికల్లో నిలబడే హక్కు లేదు. ప్రభుత్వ ఉద్యోగం సాధారణంగా దొరకదు. మా వైపు వాళ్ళకు ముఖ్యమైనది ఇంకొకటి. ఆ కార్డు మీద వ్యవసాయ భూమి కొనటానికి వీల్లేదు. కోడలి పేరున నాలుగెకరాల చేను కొని పెడదామనుకునే అత్తమామలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇంకో కఠినమైన మాట కూడా చెప్పాలి. పెళ్ళి ద్వారా వచ్చిన కార్డు ఆ పెళ్ళి రద్దయితే రద్దు కావచ్చు. పౌరసత్వం అట్లా కాదు. ఒకసారి సక్రమంగా వచ్చిన పౌరసత్వం విడాకులతో పోదు.

ఇక్కడ ఒక చిన్న మాట మార్పు గురించి చెప్పాలి. పాత చట్టంలో 'భారతీయుణ్ణి పెళ్ళాడిన లేక పెళ్ళాడి వుండిన' అన్న అర్థం వచ్చేటట్టు రాసి వుండేది. అంటే భర్త పోయిన ఆవిడ కూడా ఆ క్లాజులోకి వచ్చేది. 2003 సవరణలో ఆ రెండో ముక్క తీసేశారు. ఇప్పుడు 'పెళ్ళయి వున్న' అన్నది మాత్రమే మిగిలింది. ఏడేళ్ళు నిండక ముందే భర్తకు ఏదన్నా అయితే, పరాయి దేశం నుంచి వచ్చి మన ఇంట దీపం పెట్టిన పిల్ల ఆ క్లాజు కింద అడిగే వీలు పోగొట్టుకుంటుంది. అపశకునం పలుకుతున్నాననుకోకండి. బీమా చేసేటప్పుడు చావు మాట ఎత్తమా? ఇదీ అంతే. అర్హత వచ్చిన నాడే దరఖాస్తు పెట్టటం కోడలికి మనం చేసే బీమా.

కొడుకుల విషయంలో కూడా ఒక జాగ్రత్త వుంది. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. మన అబ్బాయి తన ఇష్టపూర్వకంగా మరో దేశపు పౌరసత్వం పుచ్చుకున్న క్షణం భారత పౌరుడు కాకుండా పోతాడు. పాస్‌పోర్టు అప్పజెప్పాలి. అప్పుడు 'భారత పౌరుడి భార్య' అన్న దారి కోడలికి మూసుకుపోతుంది. ఓ.సి.ఐ. దారి మాత్రం మిగులుతుంది. అమెరికా గ్రీన్ కార్డుకూ అమెరికా పౌరసత్వానికీ తేడా తెలియక కంగారు పడే తల్లులున్నారు. గ్రీన్ కార్డు నివాసానికి అనుమతి మాత్రమే. అది తీసుకున్నవాడు భారతీయుడే. అక్కడి పౌరసత్వ ప్రమాణం చేసినవాడు కాడు.

అట్లాగే పరదేశపు కోడలు మన పౌరసత్వం పుచ్చుకోవాలంటే తన దేశపు పౌరసత్వం వదులుకోవాలి. ఇది మనం తేలిగ్గా అడిగే విషయం కాదు. ఆ పిల్లకూ అమ్మా నాన్నా వున్నారు. వాళ్ళ ముసలితనంలో తన సొంత ఊరికి వీసా అడిగి పోవలసిన పరిస్థితి వస్తుందేమో ఆలోచించుకోవాలి. మనకు ఇల్లు వదిలి రావటమే ఎంత కష్టమో మనందరికీ తెలుసు. ఆమె దేశమే వదిలి రావాలి. అందుకని ఇది అత్తమామలు పట్టుపట్టి చేయించవలసిన పని కాదు, ఆమెను అడిగి చేయవలసిన పని. ఓ.సి.ఐ. కార్డుతోనే చాలు అనుకుని నిలిచిపోయే వాళ్ళూ వున్నారు. అదీ తప్పు కాదు.

ఇంతవరకు చెప్పి, నేను ఆమెను ఒక ప్రశ్న అడిగాను. "బిడ్డకు ఏ దేశం పాస్‌పోర్టు తీసినారమ్మా?" అని.

ఆమె మనవరాలికి అప్పటికి ఎనిమిదో నెల. కువైట్‌లోనే పుట్టింది. "ఇంకా యాడ తీసినారు? సంక్రాంతికి వస్తామంటాండారు. ఆలోపల వాళ్ళమ్మ దేశందే తీస్తారంట, బిరీన అయితాదంట" అన్నది.

ఆమె అడిగింది కోడలి గురించి. ఆ పని ఏళ్ళ మీద జరిగేది, ఒక నెల అటూ ఇటూ అయినా ప్రమాదం లేదు. ఆమె అడగనిది మనవరాలి గురించి. దానికి మిగిలింది నాలుగే నెలలు. ఎందుకో వినండి.

భారత పౌరులకు విదేశంలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే మన పౌరుడవుతాడని అనుకుంటాం. 2004 డిసెంబరు 3 తరవాత పుట్టిన బిడ్డలకు ఆ మాట అట్లాగే వర్తించదు. పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో బిడ్డ పుట్టుకను నమోదు చేయించాలి. బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. తొందరలో తల్లి దేశపు పాస్‌పోర్టు తీసేశారనుకోండి, 'మరో పాస్‌పోర్టు లేదు' అని ఎట్లా రాసి ఇస్తారు? ఒక చిన్న పుస్తకం ముందు తీసుకోవటమా వెనక తీసుకోవటమా అన్నదాని మీద ఆ పసిబిడ్డ ఏ దేశపు మనిషో తేలిపోతుంది.

మా పొరుగామె ఆ రాత్రే కొడుక్కి ఫోను చేయించింది. వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకుని, బిడ్డను మన దేశపు పౌరురాలుగానే నమోదు చేయిద్దామని నిర్ణయించుకున్నారు. పదకొండో నెలలో ఆ పని పూర్తయింది. తల్లి రక్తసంబంధం వల్ల ఆ దేశపు చట్టం కూడా ఆ బిడ్డను తనదిగానే లెక్కిస్తుంది. అటువంటి పిల్లలు పద్దెనిమిదేళ్ళు నిండిన ఆరు నెలల్లో రెండో పౌరసత్వం వదులుకోవాలి, లేకపోతే మన పౌరసత్వం పోతుంది. ఆ రోజు ఆ పిల్లే తన దేశం ఏదో ఎంచుకుంటుంది. ఇప్పుడు పెద్దలు చేయవలసింది ఆ ఎంపిక ఆమెకు మిగిల్చి వుంచటమే.

ఆడపిల్లల తల్లులు ఇంకో తేదీ కూడా గుర్తుపెట్టుకోవాలి. 1992 డిసెంబరు 10. అంతకు ముందు విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైతేనే మన పౌరసత్వం. తల్లి భారతీయురాలైతే లాభం లేదు. తొమ్మిది నెలలు మోసి కన్న తల్లి దేశం బిడ్డకు రాకపోవటం ఏమి న్యాయమో! ఆ తేదీ తరవాత పుట్టిన బిడ్డలకు తల్లి తండ్రుల్లో ఎవరు భారతీయులైనా సరిపోతుంది. ఈ విషయంలో మనం మరీ వెనకబడి లేమని చెప్పటానికి ఒక ఉదాహరణ. మన తెలుగువాళ్ళు తరతరాలుగా స్థిరపడిన మలేసియాలో, విదేశంలో బిడ్డను కన్న మలేసియా తల్లికి తన పౌరసత్వం ఆ బిడ్డకు తండ్రితో సమానంగా ఇచ్చే హక్కు కోసం తల్లులు కోర్టులదాకా పోయి పోరాడారు. 2024 అక్టోబరులో గాని అక్కడి పార్లమెంటు దిగువ సభ దానికి రాజ్యాంగ సవరణ ఆమోదించలేదు.

ఇక కోడలు ఇక్కడికే వచ్చి కాపురం పెట్టిందనుకోండి. అప్పుడు కళ్ళలో వత్తులేసుకుని చూసుకోవలసింది వీసా గడువు. 'మన ఇంటి పిల్లే కదా, ఎవరడుగుతారు' అని నిర్లక్ష్యం చేస్తే, గడువు దాటిన మరునాటి నుంచి చట్టం దృష్టిలో ఆమె అక్రమంగా వున్న మనిషి. దానివల్ల ఆమె పౌరసత్వపు దరఖాస్తు పాడవుతుంది. అంతటితో పోదు. 2004 డిసెంబరు 3 తరవాత మన దేశంలో పుట్టిన బిడ్డకు పౌరసత్వం రావాలంటే, తల్లిదండ్రులిద్దరూ పౌరులై వుండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వున్నవారు కాకూడదు. తల్లి వీసా గడువు దాటిన రోజుల్లో బిడ్డ పుడితే, కర్నూలు ఆస్పత్రిలో పుట్టినా, తండ్రి నికార్సయిన దేవనకొండ మనిషైనా, పుట్టుకతో పౌరసత్వం రాదు. సీమంతానికి గాజులు కొనేటప్పుడే వీసా తేదీ కూడా చూసుకోండి. నవ్వులాటకు చెప్పటం లేదు.

మన ఆడపిల్లను పరదేశపు వరుడికిచ్చే వాళ్ళకు ఒక మాట. పరదేశీయుణ్ణి పెళ్ళాడినంత మాత్రాన మన పిల్ల భారత పౌరసత్వం పోదు. తనంతట తాను ఆ దేశపు పౌరసత్వం పుచ్చుకుంటేనే పోతుంది. అది పుచ్చుకునే ముందు బాగా ఆలోచించాలి. రాయలసీమ నుంచి ఎంతోమంది బతుకుతెరువుకు పోయే కువైట్‌లోనే జరిగిన సంగతి వినండి. కువైట్ దేశస్థుణ్ణి పెళ్ళాడిన పరదేశపు స్త్రీలకు పెళ్ళి ద్వారా పౌరసత్వం ఇచ్చే పద్ధతి అక్కడ వుండేది. 2024 డిసెంబరులో చట్టం సవరించి ఆ పద్ధతి తీసేశారు. అంతకు ముందు ఆ దారిన పౌరసత్వం పొందిన ఎందరో ఆడవాళ్ళకు కూడా అది రద్దయింది. అందుకోసం పుట్టిన దేశపు పౌరసత్వం వదులుకుని వచ్చిన వాళ్ళు వాళ్ళు. అక్కడిదీ పోయి, ఇక్కడిదీ లేక, ఏ దేశమూ నాదనలేని మనుషులయ్యారు. వంద సంవత్సరాల కిందట మేరీ అనే ఆవిడ పడ్డ బాధ పాతకాలపు కథ కాదని దీనివల్ల తెలుస్తున్నది. అందుకే పుట్టింటి తలుపు మూసుకునే ముందు అవతలి ఇంటి తలుపు గట్టిదా కాదా చూసుకోమనేది.

ఇక ఇల్లాలుగా మనం చేయగలిగింది ఏమిటి? చట్టాలు మార్చలేం. కాగితాలు మాత్రం జాగ్రత్త చేయగలం. పసుపు కుంకుమల పెట్టె పక్కనే ఒక కాగితాల పెట్టె పెట్టండి.

అందులో మొట్టమొదటిది పెళ్ళి రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు. పెళ్ళి ఫోటోలు ఎన్ని వున్నా ఈ ఒక్క కాగితానికి సాటి రావు. ఇక్కడ చేసుకునే వాళ్ళకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వుంది. అందులో నోటీసు ఇచ్చి ముప్పై రోజులు ఆగాలి. సెలవు మీద పదిహేను రోజులకు వచ్చి పెళ్ళి చేసుకుపోదామనుకునే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి. విదేశంలో చేసుకునే వాళ్ళ కోసం 1969 నాటి విదేశీ వివాహ చట్టం వుంది. వేరే దేశంలో రిజిస్టరయిన పెళ్ళి అయితే ఆ సర్టిఫికెట్టు మీద ఆ దేశపు అధికార ముద్ర వేయించుకోవటం మరచిపోకూడదు.

రెండోది, కోడలి పాస్‌పోర్టులన్నీ. గడువు తీరినవి కూడా పారవేయకూడదు. ఏ రోజు దేశంలోకి వచ్చింది, ఏ రోజు పోయింది అన్నది ఆ ముద్రల వల్లనే తెలుస్తుంది. ఏడేళ్ళ లెక్కకు అవే సాక్ష్యం. మూడోది, వీసా కాగితాలు, విదేశీయుల నమోదు అధికారి ఇచ్చిన పత్రాలు. నూట ఎనభై రోజులకు మించిన వీసా మీద వచ్చిన వాళ్ళు సాధారణంగా పద్నాలుగు రోజుల్లో నమోదు చేయించుకోవాలి. నాలుగోది, మన అబ్బాయి భారతీయుడని చూపే పాస్‌పోర్టు, పుట్టిన తేదీ పత్రం. అయిదోది, పిల్లల పుట్టుక పత్రాలు. ఒక్కొక్కదానికి రెండేసి నకళ్ళు తీసి వేరే చోట పెట్టండి. పేరులో ఒక అక్షరం ఒక కాగితంలో ఒక విధంగా, ఇంకో కాగితంలో ఇంకో విధంగా వుంటే ముందే సరిచేయించండి. మనకు పలకటం రాని పేర్లు మన గుమాస్తాలకు రాయటం కూడా రాదు. దానికి ఎవరినీ తప్పుపట్టి లాభం లేదు, రాసిన వెంటనే మనమే చదివి చూసుకోవాలి.

పౌరసత్వపు దరఖాస్తు కంప్యూటరులో పెట్టుకుని, కాగితాలు జిల్లా కలెక్టరుగారి కార్యాలయానికి ఇవ్వాలి. అక్కడి నుంచి విచారణ జరిగి రాష్ట్ర ప్రభుత్వానికి, తరవాత కేంద్ర హోం శాఖకు పోతుంది. రాజ్యాంగానికి విధేయత ప్రమాణం చేసి సర్టిఫికెట్టు అందుకున్న నాడు ఆమె మనలాగే పౌరురాలు. నియమాలు మారుతూ వుంటాయి గనుక దరఖాస్తు పెట్టేనాడు ఎవరో చెప్పిన మాట మీద పోకుండా, హోం శాఖవారు ప్రకటించిన నియమాలే చూసుకోండి. దళారుల చేతిలో డబ్బు పోయటం అసలే వద్దు. డబ్బు పెట్టి ఏడేళ్ళను ఆరేళ్ళు చేయగల మనిషి ఎవడూ లేడు.

ఈ ఏడేళ్ళ గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. ప్రభుత్వం ఏడేళ్ళ తరవాత కాగితం ఇస్తుంది. ఆ ఏడేళ్ళూ ఆ పిల్లను చూసుకోవలసింది ప్రభుత్వం కాదు, మనం. బ్యాంకుకు పోతే ఫారం నింపటం, బజారులో బేరం చేయటం, మన మాట నాలుగు ముక్కలు నేర్పటం, ఆమె వండిన కూర రుచి చూసి బాగుందనటం. పేరంటానికి పిలిచినప్పుడు ఆమెను కూడా పిలవటం. 'ఆ ఫారిన్ పిల్ల' అని వెనక చాటుగా అనకుండా, పేరు పెట్టి పిలవటం. సర్టిఫికెట్టు రాకముందు ఇవన్నీ దొరికిన పిల్ల, సర్టిఫికెట్టు కోసం తన దేశం వదులుకోవాలా వద్దా అన్నది ధైర్యంగా నిర్ణయించుకోగలదు. ఇవేవీ దొరకని పిల్లకు ఆ కాగితం ఒక కాగితం మాత్రమే.

మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని పరదేశపు కోడలో అల్లుడో వుంటే ఈ వివరాలు వాళ్ళకు చెప్పండి. అన్నిటికంటే ముందు, విదేశంలో పుట్టిన పసిబిడ్డ వున్న ఇల్లు ఏదన్నా మీకు తెలిస్తే, ఆ బిడ్డకు ఎన్ని నెలలు నిండాయో ఇవాళే అడగండి. పన్నెండో నెల రాకముందే ఆ మాట చెప్పినవాళ్ళవుతారు.